పంతులమ్మ వాటా

పడవ ఒడ్డుకు వచ్చాక చేపను వాటాలు వేస్తారు. పడవకో వాటా, వలకో వాటా, ఇంజనుకో వాటా, ఆపైన వేటకు వెళ్ళిన మనుషులకు తలా ఒక వాటా. ఇది ఏ రేవులోనైనా ఉన్నదే, పోర్ట్ బ్లెయిర్‌లో మేము కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. మా పడవ దగ్గర మాత్రం అందరివీ తీశాక పక్కన ఇంకో చిన్న కుప్ప ఉంటుంది. కొత్తగా పనిలో చేరినవాళ్ళు అది ఎవరిదని అడిగితే, పాతవాళ్ళు పంతులమ్మది అని చెప్పి తమ పనిలో తాము పడిపోతారు.

ఆ కుప్ప మొదలవడానికి కారణం నేనే. గొప్ప చెప్పుకోవడం లేదు. నేను చేసిందల్లా బడి మానెయ్యడం.

మా తాత శ్రీకాకుళం ఒడ్డు నుంచి ఓడెక్కి వచ్చాడు. నాన్నా నేనూ ఇక్కడే పుట్టాం. నా చిన్నప్పుడు నెత్తళ్ళు, అంటే ఎండబెట్టే చిన్న చేపలు, పడే రోజులొస్తే మా రేవులో ఆడపిల్లలెవరూ బడికి పోయేవాళ్ళు కాదు. ఇసక మీద పాత వలలు పరిచి, వాటి మీద నెత్తళ్ళు పోసి, తిరగేస్తూ, కాకుల్నీ కుక్కల్నీ తోలుతూ కూర్చోవాలి. బడి నుంచి ఎవరో ఒక మాస్టారు వచ్చి, పిల్లని పంపమని అడిగేవారు. ఈ నెత్తళ్ళు అయిపోగానే పంపుతామని పెద్దవాళ్ళు అనేవారు. ఆయన సరేనని వెళ్ళిపోయేవారు. అందరి మర్యాదా దక్కేది, నెత్తళ్ళూ ఎండేవి.

నా మూడో తరగతిలో ఆ తెలుగు మీడియం బడికి కొత్త పంతులమ్మ గారు వచ్చారు. గోదావరి జిల్లా మనిషి, సన్నగా, ఎత్తుగా ఉండేది. (ఆవిడని ఎదురుగా ఎప్పుడూ గారు అనే పిలిచాను. రాసేటప్పుడు మాత్రం మా అమ్మ గురించి రాసినట్టే కలం పరుగెడుతోంది, క్షమించాలి.) ఆవిడా అందరిలాగే వచ్చి నాన్నని అడిగింది. నాన్నా అందరికీ చెప్పినట్టే చెప్పాడు. మర్నాడు మధ్యాహ్నం బడి వదలగానే ఆవిడ మళ్ళీ వచ్చి, ఒక ప్లాస్టిక్ టబ్బు బోర్లించుకుని నెత్తళ్ళ మధ్యలో కూర్చుంది. మీరు పని మానక్కర్లేదు, నోరు ఖాళీగానే ఉంది కదా అంది. ఒక వరస తిరగేసేలోగా ఒక ఎక్కం. కాకిని తోలి వచ్చేలోగా ఒక పద్యంలో మొదటి పాదం. ఇక్కడ సాయంత్రం అయిదు దాటితే చీకటే కాబట్టి, వెలుతురు ఉన్నంతసేపూ ఆ టబ్బు మీంచి లేచేది కాదు.

మొదటిరోజు ఆవిడ ముఖం పాలిపోయి ఉండడం నాకు బాగా గుర్తు. ఎండ దెబ్బ అనుకున్నాం. మా అమ్మ పరుగున వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. ఓపిక వస్తుందని, రెండు ఎండుచేపలు కాల్చి పెట్టనా అని ఎంతో ప్రేమగా అడిగింది. ఆవిడ నీళ్ళు తాగి, ఈవేళ ఉపవాసం అని చెప్పింది.

ఆ ఏడు మా రేవులో నా తరగతి ఆడపిల్లలం అందరం నాలుగో తరగతిలోకి వెళ్ళాం. ఫలితాలు తెలిసిన మర్నాడు వాటాలు వేస్తుంటే నాన్న ఇంకో కుప్ప పక్కకు తీశాడు. ఎవరికని అడిగితే, మన పిల్లల కోసం ఎండలో కూర్చున్నావిడ మన పడవ మనిషి కాదా అన్నాడట. ఒకాయన తన వాటా తగ్గిపోతుందని గొణిగాడు. అయితే పడవ వాటాలోంచే తీస్తానన్నాడు నాన్న. దాంతో ఆయన సిగ్గుపడి, ఆ కుప్పలోకి తన చేత్తోనే ఇంకో చేప వేశాడు. ఆ తర్వాత ఎవరూ నోరెత్తలేదు.

గిన్నె మోసుకెళ్ళే పని నాది. గట్టు మీద టీచర్ల క్వార్టర్స్ ఉండేవి. ఆవిడ తలుపు తీసి, ఒక్క క్షణం గిన్నెలోకి చూసి, రెండు చేతులతో అందుకుంది. దేవుడి ప్రసాదం కూడా మేము అంత భక్తిగా అందుకోం అని ఇంటికొచ్చి చెప్పాను. నాన్న ఆ మాటకి ఎంత పొంగిపోయాడో చెప్పలేను. చాలాకాలం పాటు వచ్చినవాళ్ళందరి దగ్గరా నాతో మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడు.

వానలు మొదలయ్యాక చదువు ఇసక మీంచి ఆవిడ వరండాలోకి మారింది. అక్కడ మాకు చదువుతో పాటు అన్నమూ చేపల పులుసూ దొరికేవి. వరండాలో ఒక మూల గిన్నె ఉండేది. మేము తిని, కడిగి, బోర్లించి వచ్చేవాళ్ళం. టీచరు ఎప్పుడూ మాతో కూర్చుని తినలేదు. టీచర్లు పిల్లలతో తినరు కాబోలు అనుకున్నాం. ఆ పులుసు రుచి మాత్రం మా ఇంట్లో గొడవ తెచ్చింది. నేను ఇంటికొచ్చి, టీచరు గారి పులుసు నీ పులుసు కంటే బాగుంటుంది అని అమ్మతో అన్నాను. చేపలవాళ్ళ ఇంటి ఆడదానితో అనాల్సిన మాట కాదు అది. అమ్మకి ఒళ్ళు మండింది. ఏం వేస్తుందని ఆరా తీసింది. ఆవముద్ద ఘాటు ఉంటుందని చెప్పాను. అమ్మ కాసేపు ఆలోచించి, గోదావరి వాళ్ళు కూరల్లో ఆవ పెడతారు, పులుసులోనూ పెడతారన్నమాట అని తేల్చేసింది. ఆ తర్వాత చాటుగా తనూ ఆవ నూరి వేసి చూసింది. కుదరలేదు. దాంతో పంతులమ్మ గారి మీద గౌరవం ఇంకా పెరిగింది.

ఆవిడ క్వార్టర్‌కి ఆనుకుని ఒక బెంగాలీ దీదీ ఉండేదని, వాళ్ళ ఇంట్లో ఆవనూనె వాసన ఎప్పుడూ వచ్చేదని మాకందరికీ తెలుసు. తెలిసి ఏం లాభం?

ఏళ్ళు గడిచాయి. మధ్యలో ఆవిడకి నికోబార్ వైపు బదిలీ అయింది. వాటా ఆగకూడదని నాన్న పట్టుబట్టాడు. పచ్చి చేప అంత దూరం పోదు కాబట్టి ఎండుచేపలు మూట కట్టి, ఓడలో వెళ్ళే తెలిసినవాళ్ళ చేతికి ఇచ్చేవాడు. ఆ మూట పక్కన పడుకుని ప్రయాణం చేసినవాళ్ళు మమ్మల్ని ఏమేం తిట్టుకున్నారో. అందగానే ఆవిడ ఫోన్ చేసేది. బడి పిల్లలు ఎంతో ఇష్టంగా తిన్నారు అనేది. ప్రతిసారీ పిల్లలే తిన్నారు. నేను తిన్నాను అని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు, మేమూ ఒక్కసారి కూడా గమనించలేదు. చేప తినని మనుషులు ఉంటారని మాకు తెలియక కాదు. వాళ్ళు ఎక్కడో హోటళ్ళలో దిగే టూరిస్టులనీ, మన మనుషుల్లో ఉండరనీ మా నమ్మకం.

ఆవిడ మళ్ళీ పోర్ట్ బ్లెయిర్ వచ్చి, మా బడిలోనే మా పిల్లలకి కూడా చెప్పింది. ఈలోగా నాన్న వేట మానేశాడు. పడవ తమ్ముడు చూసుకుంటున్నాడు. అబర్డీన్ బజారు దాటాక చిన్న చేపల దుకాణం పెట్టాం, దాని గల్లా నాది. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది, ఆ సంగతి మా దగ్గర చేపలు కొనే హోటళ్ళ వంటవాళ్ళందరికీ తెలుసు. చేపని నొక్కి చూసి మొహం చిట్లించినవాళ్ళకి మా దుకాణంలో రెండోసారి నొక్కే అవకాశం ఉండదు.

ఆవిడ రిటైరయిన నెలలో నాన్న నన్ను పిలిచి, పంతులమ్మని మన దుకాణం తరఫున గౌరవించాలన్నాడు. శాలువా, పూలదండ, ఫోటో పెడదామన్నాను. శాలువాలు నాయకులకి కప్పుతారు, మనం చేపలవాళ్ళం, మనం పెట్టేది అన్నం అన్నాడు. ఆదివారం మధ్యాహ్నం దుకాణం మూసి, కడిగి, బల్లలు వేశాం. నెత్తళ్ళ దగ్గర నాతో ఎక్కాలు చదివినవాళ్ళందర్నీ పిలిచాను. ఒకామె ఆస్పత్రిలో నర్సు, ఒకామె సెక్రటేరియట్‌లో గుమస్తా, ఒకామె బ్యూటీ పార్లర్ నడుపుతోంది. చేతులు కడుక్కుని వచ్చినా ఇప్పటికీ ఒకరి వేళ్ళు ఒకరం వాసన చూసుకుని నవ్వుకునే అలవాటు మాది. పంతులమ్మ గారు బెంగాలీ దీదీని వెంటబెట్టుకుని వచ్చింది.

అరిటాకు నాన్నే వేశాడు. వంజరం ముక్కలు, రొయ్యల ఇగురు, పీతల పులుసు, అన్నీ తన చేత్తోనే వడ్డించాడు. ఆవిడ ఆకు ముందు కూర్చుని, ఈవేళ ఆదివారం అండీ, నాకు ఒంటిపొద్దు అంది. నాన్న గట్టిగా నవ్వి, ఈరోజు మాత్రం నీ ఉపవాసాలు చెల్లవమ్మా అన్నాడు. ఆవిడ చెయ్యి ఆకు మీదికి వెళ్ళింది, ఆగింది. అప్పుడు దీదీ ఉండబట్టలేక అనేసింది.

"అరే భయ్యా, మేడమ్ మఛ్లీ నహీఁ ఖాతీ. కభీ నహీఁ ఖాయీ. పకాతీ తో మైఁ థీ."

ఆవిడ చేప తినదు, ఎన్నడూ తినలేదు, వండుతూ వచ్చింది నేను. అంత చిన్న మాట. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ దీదీ వైపు చూస్తోంది. ఆవముద్ద సంగతి మా ఇద్దరికీ ఒకేసారి వెలిగింది. నాకు నవ్వు తన్నుకొచ్చింది, ఆపుకోలేకపోయాను.

నాన్న నవ్వలేదు. ఆవిడ ముందున్న ఆకుని రెండు చేతులా ఎత్తి, వెనక వాకిట్లోకి తీసుకెళ్ళాడు. చేతులు కడుక్కుంటున్న చప్పుడు వినిపించింది. తిరిగి లోపలికి రాలేదు. పక్క హోటల్ నుంచి ఎవరో పెరుగన్నం తెస్తే పంతులమ్మ గారు అదే తిని, మమ్మల్ని తినమని బతిమాలింది. మేమూ తిన్నాం.

మర్నాడు పొద్దున్న తమ్ముడు ఫోన్ చేశాడు. పంతులమ్మ వాటా తియ్యొద్దని నాన్న చెప్పాడట. నేను దుకాణం తెరవకుండానే ఇంటికి వెళ్ళి నాన్నతో తగువు పెట్టుకున్నాను. ఆవిడకి లేని బాధ నీకెందుకు, ఇన్నేళ్ళ మర్యాద ఒక్కరోజులో తుడిచేస్తావా అని నోటికొచ్చినట్టు అన్నాను. నాన్న అంతా విని, మెల్లగా ఒకే మాట అన్నాడు.

"కంపు ఓర్సుకోలేని మనిసి ఇసక మీద ఎట్టా కూకుందే, ఆ నెత్తళ్ళ మజ్జిన?"

అంతవరకు నేను పులుసు గురించే ఆలోచించాను. ఆ టబ్బు గురించి ఆలోచించలేదు. ఆ పాలిపోయిన ముఖం, ఎండకి కాదు. చేప వాసన సోకని ఇంట్లో పెరిగిన ఆడమనిషి, ఊరు కాని ఊళ్ళో, ఊపిరి బిగబట్టుకుని, సీజనంతా మాతో ఎక్కాలు చెప్పించింది. ఎందుకమ్మా మాకోసం అంత అని ఆ రోజు మేమెవరం అడగలేదు, అడగాలని తెలియదు. ఇప్పుడు ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆ బిగబట్టుకున్న ఊపిరి పుణ్యమే. నేను గుమ్మంలో కూర్చుని ఏడ్చాను. నాన్న నన్ను ఓదార్చలేదు, ఆయన పరిస్థితీ అదే.

ఇక ఆవిడకి మొహం చూపించలేనన్నాడు. ఆవిడ ఉన్న వీధిలోంచి నడవడం మానేశాడు. దుకాణానికి రావడం మానేశాడు. మాకు ఇంకో భయం పట్టుకుంది. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. గోదావరి జిల్లా నుంచి ఆవిడ అన్నదమ్ములు వచ్చెయ్యమని ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారని దీదీ చెప్పింది. ఇక్కడే ఉండిపోతానని పంతులమ్మ గారు అంతకుముందు అనేది. ఇప్పుడు మా నాన్న సిగ్గే ఆవిడని ఓడెక్కించేలా ఉంది.

ఉండబట్టలేక ఒక సాయంత్రం క్వార్టర్‌కి వెళ్ళాను. ఆవిడ పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతోంది. ఒక పెట్టె మీద తాడు కూడా బిగించేసింది. నాన్న ఎలా ఉన్నారని అడిగింది. చేప రావడం లేదేమిటని అడిగింది. దాచలేక మొత్తం చెప్పేశాను, టబ్బు సంగతితో సహా. ఎక్కడికీ వెళ్ళొద్దు టీచర్ గారూ అని చెప్పాలని ఎంతో అనుకున్నాను గానీ చిన్నపిల్లలా ఆ తాడు ముడి పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ పెట్టె మూత వేసి, కళ్ళజోడు తుడుచుకుంది.

"పడవ ఎన్నింటికొస్తుంది?" అని మాత్రం అడిగింది.

మర్నాడు తెల్లవారగానే ఆవిడ రేవుకి వచ్చింది. చేతిలో గుడ్డసంచి. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోలేదు. తమ్ముడు వాటాలు వేస్తున్నాడు. నాన్న తాళ్ళు చుడుతూ దూరంగా ఉన్నాడు, ఆవిణ్ణి చూసి లేచి వెళ్ళిపోబోయాడు. ఆవిడ వేటవాళ్ళ వరసలో వెళ్ళి నిలబడి, అన్నగారూ, నా వాటా ఏదండీ అని అడిగింది.

నాన్న ఆగిపోయాడు. ఆవిడ వైపు చూడకుండా ఇసక వైపు చూస్తూ మాట్లాడాడు.

"తెలవక సేసినానమ్మా. ఇన్నేళ్ళు నీ గుమ్మంలోకి కంపు అంపినాను. ఇంకా ఏటి మొకం ఎట్టుకుని అంపమంటావు?"

"నేను తిననని ఆపేశారా? పడవ తింటుందా అన్నగారూ? వల తింటుందా? వాటికి తీస్తున్నారు కదా."

వేటవాళ్ళలో ఒకాయన ఔనన్నట్టు తలూపాడు. నాన్న ఊపలేదు. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాడు. గొంతులో నిష్ఠూరం ఉంది. అవతలి మనిషి మీద కాదు, తన మీద తనకే. చెప్పి ఉంటే మీరు ఆపేసేవారు, ఆపేశారు కదా అంది ఆవిడ. ఆవిడ సంచిని రెండు చేతులతో పట్టుకుంది. తర్వాత వచ్చిన గొంతు మాకు పాఠాలు చెప్పిన గొంతు కాదు.

"మా వాళ్ళు ప్రతి ఏడూ అడుగుతారండీ, ఆ దీవుల్లో నీకు ఎవరున్నారే, ఏముందే అని. నాకక్కడ ఒక పడవలో వాటా ఉంది అని చెప్పేదాన్ని. గొప్పగా చెప్పేదాన్ని. నిన్న రాత్రి మళ్ళీ అడిగారు. ఏమీ చెప్పలేకపోయాను."

నాన్న అప్పుడు ఆవిడ ముఖంలోకి చూశాడు. దుకాణంలో ఆకు ఎత్తిన రోజు నుంచి చూడలేదు. తాళ్ళు కింద పడేసి వచ్చి, వాటాల దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తమ్ముడి చేతిలోంచి చేపల్ని లాక్కుని, పడవ వాటాలోంచి ఒకటి, వల వాటాలోంచి ఒకటి తీసి పక్కన పెట్టాడు. కన్నీళ్ళు తుడుచుకోవడానికి చేతులు పనికిరాక భుజానికి రాసుకున్నాడు. ఆవిడ సంచి తెరిచి పట్టుకుంటే, వద్దన్నాడు.

"నువ్వు మొయ్యకు, నానే తెస్తాను. ఇల్లు ఎక్కడ తీసుకుంటన్నావో సెప్పు."

ఆవిడ ఇంకా ఎక్కడా చూసుకోలేదంది. రేవుకి దగ్గర్లో మీరే ఒకటి చూసి పెట్టండి అంది.